మూత్రాశయము పంపు వార్తలు, అడ్రినలిన్ చేయు మార్పులు



నేడు నేను ప్రసంగింపబోవు విషయము నలుగురిలో ముచ్చటించుటకు మనము కొంచెము సంకోచించునట్టిది. అయినను చరకసంహితలో అణచరాని వేగములను గూర్చి ప్రత్యేకముగ ఒక అధ్యాయమే కలదు. వాగ్భటుడును తన అష్టాంగహృదయమున, రోగములు పుట్టకుండ చూచుకొను విధమును జెప్పు అధ్యాయమునందు, మూత్రవేగమును గూర్చి నిస్సంకోచముగ వ్రాసెను. ఆ పెద్దలకు లేని సిగ్గు మనకేల? పైగా అరువదియేండ్లు దాటిన మనలో ఈ బాధ నెరుగనివారు మిక్కిలి తక్కువ. రాత్రి మూడుమార్లు లేచుట, బస్సు ఎక్కుటకు ముందొకమారు పోయి వచ్చియు ఎక్కి కూర్చుండగనే మరల దిగవలెనని తోచుట, పురాణ కాలక్షేపమున కథ మంచి పట్టులో నుండగా పైపంచె సవరించుకొని మెల్లగా లేచిపోవుట, ఇవి మనకు నిత్యకృత్యములైనవి.

నేను వైద్యుడను గాను. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పినవాడను. కాని ఒక ఆపద కారణముగ ఈ శాస్త్రమును కొంత తెలిసికొనవలసి వచ్చినది. ఆ ఆపద సంగతి తరువాత మనవి చేసెదను. మొదట పాఠశాలలో చూచిన యొక వింతను జెప్పనిండు.

మా పాఠశాలకు పర్యవేక్షకులు వచ్చు దినమున, ప్రార్థన ముగిసిన అరగంటలోపల తరగతిలో చిటికెనవ్రేళ్లు వరుసగా లేచెడివి. సెలవిచ్చి పంపిన పిల్లలలో సగముమంది గోడకడ నిలుచుండి, ఏమియు రాక తిరిగివచ్చెడివారు. పది నిమిషములు గడవకముందే మరల అదే వ్రేలు! ఇది పాఠము తప్పించుకొను దొంగయెత్తని తలచి నేను కొందరిని కసరితిని. ఆ పిల్లలు చెప్పినది నిజమే. వారికి వేగము తోచినమాట నిజము, అచటికి పోయిన తరువాత రాకపోయినమాటయు నిజము. ఈ రెండును ఒక్క ద్రవ్యము చేయు పనులు కావచ్చునని నాకు ముప్పదియేండ్ల పిదప తెలిసినది. ఆ ద్రవ్యపు కథయే నేటి ప్రసంగము.

మూత్రాశయమును మన ఊరి చెరువుతో పోల్చినచో విషయము సులభముగ బోధపడును. మూత్రపిండములు రెండును దినమునకు సుమారు ఒకటిన్నర లీటరు వడియగట్టి, రెండు సన్నని కాలువలద్వారా ఈ చెరువులోనికి దింపుచుండును. చెరువునకు మట్టికట్ట, దీనికి కండకట్ట. అడుగున మెడకడ తూము వంటి బిగింపొకటి కలదు. పెద్దవారియందు ఈ సంచి 400 మొదలు 500 మిల్లీలీటర్లవరకు పట్టును. 150 మొదలు 250 మిల్లీలీటర్లు చేరునప్పటికి మొదటి సూచన కలుగును. విశేష మేమనగా, నీరు చేరుకొలదియు కండ సడలి చోటిచ్చుచుండుటవలన, చాలసేపటివరకు లోపలి ఒత్తిడి యంతగా పెరుగదు. మంచి స్థితిలోనున్న సంచి నిండుచున్న సంగతియే మనకు తెలియకుండ పని చేయును.

చెరువునకు నీరుగంటి యుండును. కొన్ని సీమలలో ఆతనిని నీరటి యందురు. నీరెంత వచ్చినదో చూచి ఊరిలో చెప్పువాడును, పెద్దలు చెప్పినప్పుడు తూము తీయువాడును ఆతడే. దేహములో ఈ రెండు పనులకును వేరువేరు నాడులు కలవు. వార్తలు పైకి గొనిపోవునవి జ్ఞాననాడులు. ఆజ్ఞలు క్రిందికి దెచ్చునవి చేష్టానాడులు. చేష్టానాడులలో మరల రెండు తెగలు. వెన్నెముక కొసనున్న త్రికభాగమునుండి వచ్చునవి సంచిని ముడిచి మూత్రమును వెడలగొట్టును. నడుము పైభాగమునుండి వచ్చునవి సంచిని సడలించి, తూమును బిగించి, నీటిని నిలుపును. ఈ రెండవ తెగకు సహానుభూత నాడులని పేరు. ఎవరియెడ సానుభూతియో నాకు తెలియదు గాని, పుస్తకములలో ఆ పేరే స్థిరపడినది.

జ్ఞాననాడులును రెండు విధములు. సన్నని కొవ్వుతొడుగు కలిగి వేగముగ వార్త నందించునవి ఏ-డెల్టా నాడులు. తొడుగు లేక మెల్లగా నడచునవి సి-నాడులు. సంచి సాగుటను కనిపెట్టి నిత్యమును వార్త పంపునవి ముఖ్యముగ మొదటివి. రెండవవి ఆరోగ్యముగ నున్నవారియందు చాలవరకు మౌనముగ నుండి, సంచిలో వాపు గాని మంట గాని కలిగినప్పుడు మేల్కొని గోల చేయును. సంచి బాధపడిన దినములలో కొలది చుక్కలకే తొందర పుట్టుటకు ఈ సి-నాడుల మేలుకొలుపు ఒక కారణము.

ఇక ద్రవ్యము మాట. మూత్రపిండముల నెత్తిన టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వానినుండి పుట్టు సారమును జపాను దేశీయుడైన జోకిచి టకమినె అను రసాయనవేత్త న్యూయార్కు నగరమున పనిచేయుచు, 1901 నాటికి శుద్ధమైన స్ఫటికములుగ తీసి అడ్రినలిన్ అని పేరు పెట్టెను. భయము, కోపము, పరుగు కలిగినప్పుడు ఈ ద్రవ్యము రక్తములో హెచ్చును. గుండె కొట్టుకొనును, అరచేతులు చెమర్చును. కేంబ్రిడ్జిలో చదువుచుండిన ఎలియట్ అను యువకుడు 1904లో ఒక గొప్ప ఊహ చేసెను: సహానుభూత నాడుల కొసలయందును ఇట్టి ద్రవ్యమే వెలువడి పని జరిపించుచున్నదేమో యని. ఆతడే 1907లో వేరువేరు జంతువుల మూత్రాశయమునకు బోవు నాడులను పరీక్షించి పెద్ద వ్యాసము ప్రకటించెను. నాడికొసలలో వెలువడునది ముఖ్యముగ దాని తోబుట్టువైన నార్‌అడ్రినలిన్ అని 1946లో స్వీడను దేశమున ఫాన్ ఆయిలర్ నిర్ణయించెను.

ద్రవ్య మొక్కటియే. కాని అది ఒకచోట కండను బిగించును, మరియొకచోట సడలించును. ఒకే నీరు చెరకునకు తీపియు వేమునకు చేదును అగునట్లు! దీనికి కారణము తగిలెడి చోటనే కలదని మొదట సూచించినవాడు కేంబ్రిడ్జి ఆచార్యుడు లాంగ్లీ. కణముపైన ద్రవ్యమును గ్రహించు పదార్థ మొకటి యుండవలెనని ఆతడు 1905లో చెప్పెను. దానినే నేడు గ్రాహకమందుము. తాళపుచెవి యొక్కటియైనను, తాళములు వేరైనచో తెరచుకొను గదులు వేరుగదా! అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఆల్‌క్విస్ట్ అను పండితుడు 1948లో ఈ తాళములు రెండు జాతులని నిరూపించి, ఆల్ఫా, బీటా అని గ్రీకు అక్షరముల పేర్లు పెట్టెను. ఆ వ్యాసమును మొదట ఒక పత్రికవారు త్రిప్పిపంపిరట. ఇప్పుడు ఆల్ఫాలో ఆరు, బీటాలో మూడు, మొత్తము తొమ్మిది ఉపజాతులు తెలిసియున్నవి. వానిలో మూడవ బీటాకు సంబంధించిన మానవ జన్యువును ప్యారిస్ పరిశోధకులు 1989లో ప్రకటించిరి. మన కథలో అదియే ముఖ్యపాత్ర.

మూత్రాశయమునకు వత్తము. సంచి మెడకడను, పురుషులలో దానిని చుట్టియున్న ప్రోస్టేటు గ్రంథియందును మొదటి ఆల్ఫా జాతి గ్రాహకములు మెండు. ద్రవ్యము వానిని తాకినచో తూము బిగియును. సంచి కండయందు, మనుష్యులలో, మూడవ బీటా మెండు. అది తాకబడినచో కండ సడలి సంచి విశాలమగును. ఇంతవరకు పాతపాఠమే. నీరు నిలుపుటకు ఈ రెండును పరస్పరము సహాయులు. కాని గడచిన ముప్పదియేండ్ల పరిశోధనలలో తేలిన సంగతి మరియొకటి కలదు. ఈ గ్రాహకములు చేష్టను మాత్రమే కాదు, సంచినుండి మెదడునకు బోవు వార్తనుగూడ మార్చుచున్నవి.

సంచి లోపలిపొర ఉత్త అస్తరుగుడ్డ వంటిదని పూర్వము తలచెడివారు. అది పొరపాటు. సంచి సాగినప్పుడు ఆ పొర కణములు కొన్ని రసాయనములను విడుచును. అవి ప్రక్కనున్న జ్ఞాననాడుల కొసలను తట్టిలేపును. అట్టివానిలో ముఖ్యమైనది ఏ.టి.పి. అను ద్రవ్యము. కుందేటి మూత్రాశయపు లోపొరపై ఒత్తిడి మార్చినప్పుడు ఏ.టి.పి. వెలువడుటను 1997లో కనిపెట్టిరి. ఆ ద్రవ్యమును గ్రహించు ఒక గ్రాహకము పుట్టుకతోనే లేని చుంచెలుకలలో సంచి ఎక్కువ నీరు పట్టి అరుదుగ ఖాళీ యగుచుండెనని 2000లో తేలినది. అనగా వార్త సరిగా చేరలేదన్నమాట.

ఇచట ఒక్క నిమిషము ఆగి మనవాని నొకని తలచుకొనవలెను. ఈ ఏ.టి.పి. యను ద్రవ్యమును కండరములనుండి మొదట వేరుచేసినవారిలో ఒకడు మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్క్ అను ఆచార్యునితో గూడి ఆతడు 1929లో దీనిని ప్రకటించెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను పండితుడును వేరుగ కనుగొనెను. దేహములో పనికి కావలసిన శక్తినిచ్చు ద్రవ్యముగ అది ప్రసిద్ధికెక్కినది. అదియే నాడుల నడుమ వార్తాహరముగను పనిచేయునని ఆస్ట్రేలియాలో నున్న బర్న్‌స్టాక్ 1972లో చెప్పినప్పుడు చాలమంది నమ్మలేదు. సుబ్బారావు 1948లోనే గతించెను. తాను వేరుచేసిన ద్రవ్యము మన రాత్రి నిద్రను చెరచు వార్తలనుగూడ మోయునని ఆయన ఊహించియుండడు.

ఇప్పుడు ఆల్ఫా, బీటాలు ఈ వార్త నెట్లు మార్చునో చూడుడు. ఎలుకల మూత్రాశయపు లోపొరయందు ఆల్ఫా-ఒకటి-డి యను ఉపజాతి గ్రాహకములు కలవు. అవి ప్రేరేపింపబడినచో వార్త హెచ్చి, మూత్రవేగము త్వరగా పుట్టును. వానిని అడ్డగించు మందును సంచిలోనికి ఎక్కించినప్పుడు రెండు వేగముల నడుమ విరామము పెరిగెను. ఆ గ్రాహకమే లేకుండ పుట్టించిన చుంచెలుకలు ఒక్కొక్క పర్యాయము ఎక్కువ మూత్రమును విడుచుచుండెనని 2005లో ప్రకటించిరి. కావున ఆల్ఫా తూముకడ నీటిని బిగబట్టుచునే, లోపొరకడ "నీరు నిండినది" అని కేకవేయించును! మా పాఠశాల పిల్లల వ్యవహార మిప్పుడు మీకు బోధపడియే యుండును. భయముచేత ద్రవ్యము హెచ్చినది. వార్త పెద్దదైనది. తూము మాత్రము బిగిసినది. ఇది యొక్కటే కారణమని నే ననను, వేగము నణచిపెట్టు మెదడు భాగములుగూడ భయకాలమున సరిగా పనిచేయవు. అయినను దొంగయెత్తు మాత్రము కాదు.

బీటా పని దీనికి విరుద్ధము. ఎలుక లోపొర కణములయందు బీటా గ్రాహకములను ప్రేరేపించినప్పుడు నైట్రిక్ ఆక్సైడు అను వాయువు వెలువడెనని పిట్స్‌బర్గు పరిశోధకులు 2002లో చూపిరి. ఆ వాయువు జ్ఞాననాడులను శాంతపరచు గుణము కలది.

నాకు మిక్కిలి నచ్చిన పరీక్ష టోక్యో నగరమున జరిగినది. మత్తిచ్చిన ఎలుక మూత్రాశయములోనికి మెల్లగా ఉప్పునీటిని ఎక్కించుచు, వెన్నుపామునకు జేరు జ్ఞాననాడులనుండి ఒక్కొక్క పోగును వేరుచేసి, దానిలో పరుగెత్తు విద్యుత్సంకేతములను లెక్కించిరి. పట్టుచీరలోని ఒక్క జరీపోగును లాగి చూచుటవంటి పని! సెకనుకు 2.5 మీటర్లకంటె వేగముగ నడచునది ఏ-డెల్టా యనియు, అంతకు తక్కువది సి యనియు గుర్తించిరి. పిదప మూడవ బీటాను ప్రేరేపించు మిరాబెగ్రాన్ అను మందును ఇచ్చిరి. నీరు అంతే యున్నను, ఏ-డెల్టా నాడులలో సంకేతములు తగ్గెను. మోతాదు పెంచిన కొలదియు ఇంకను తగ్గెను. చిరకాలమునుండి వాడుకలోనున్న ఆక్సీబ్యుటినిన్ అను మందు నిచ్చినప్పుడు ఆ నాడుల సంకేతములు మారలేదు. 2012లో ఈ ఫలితములను ప్రకటించిరి.

దీనికి కారణ మేమని పండితులలో ఇప్పటికిని వాదము కలదు. నిండుచున్న సంచి కదలకుండ ఉండునది కాదు. దాని కండలో అచటచట చిన్నచిన్న ముడుతలు పుట్టి అణగుచుండును, గాలికి చెరువుపై లేచు చిరుతరగలవలె. ప్రతి ముడుతయు దగ్గరి జ్ఞాననాడిని లాగి ఒక వార్తను పుట్టించును. మిరాబెగ్రాన్ ఆ ముడుతలను అణచుటచేత వార్తలు తగ్గినవని కొందరందురు. లోపొరద్వారా నాడినే శాంతపరచినదని మరికొందరందురు. నా బుద్ధికి మొదటి పక్షమే బలముగ తోచుచున్నది, రెండవది అసత్యమని గాదు. ఒక హెచ్చరిక మాత్రము చెప్పవలెను. ఎలుక సంచిలో రెండవ బీటాకును గట్టిపాలు కలదు, మన సంచిలో మూడవదే ప్రధానము. కావున ఎలుకకు చెల్లిన లెక్క అక్షరాల మనకు చెల్లునని పట్టుపట్టరాదు.

ఇక నా ఆపద. రెండేండ్ల క్రిందట కార్తికమాసమున తెల్లవారుజామున చన్నీటి స్నానములు చేసి జలుబు తెచ్చుకొంటిని. దుకాణమునకు మనుమని పంపి జలుబు మాత్రలు తెప్పించి, ఉదయ మొకటి, సాయంకాల మొకటి మ్రింగితిని. ముక్కు ఆరినది. రాత్రి పది గంటలకు మూత్రము స్తంభించినది. తొందర యున్నది, చుక్క లేదు. అర్ధరాత్రికి పొత్తికడుపు కుండవలె ఉబ్బినది. ఆ బాధ శత్రువునకైనను వలదు. మా కుమారుడు ఆటోలో పట్టణమునకు గొనిపోయెను. అచటి వైద్యుడు నావద్ద ధాతువులు, సమాసములు చదువుకొన్నవాడే. సన్నని గొట్టము వేసి లీటరుకు దగ్గరగ తీసి, నాకు ప్రాణము కుదుటబడిన తరువాత, "మాస్టారూ, ఏమి మాత్ర వేసికొన్నారు?" అని అడిగెను. మనుమడు కాగితము చూపెను. ఆతడు దానిని చదివి నవ్వి, "తమరే తూము బిగించుకొన్నారండీ!" అనెను.

ఆ మాత్రలో ఫినైల్‌ఎఫ్రిన్ అను మందు కలదు. అది ఆల్ఫా తాళమునకు కృత్రిమమైన చెవి. ముక్కులోని రక్తనాళములను బిగించి జలుబు నాపుటకై దానిని కలుపుదురు. కాని సంచి మెడయందును, నాకు అప్పటికే పెరిగియున్న ప్రోస్టేటునందును అదే తాళము కలదు. దానితోబాటు క్లోర్‌ఫెనిరమైన్ అను రెండవ మందును అందు కలదు, అది సంచిని ముడుచు ఆజ్ఞను బలహీనపరచును. ఒకటి తూమును మూసినది, రెండవది నీటిని త్రోయు బలమును తగ్గించినది. వయసు మళ్లిన పురుషులు జలుబు మాత్రను కొనునప్పుడు మూత్రమునకు సంబంధించిన తమ బాధను దుకాణదారునకు గాదు, వైద్యునకు జెప్పి కొనవలెనని నేను ఊరూర చెప్పుచున్నాను.

తరువాత ఆ శిష్యుడు నాకు టామ్సులోసిన్ అను మందు వ్రాసి ఇచ్చెను. అది ఆల్ఫా తాళములో మైనముద్దవలె దూరి, చెవి పడకుండ జేయును. తూము సడలును. మొదటి దినములలో మంచముపైనుండి దిగ్గున లేచినచో కన్నులు తిరుగవచ్చును, ఏలనగా రక్తనాళములయందును ఆ తాళములు కలవు. ఇంకొక సంగతి మీలో కంటిపొర తీయించుకొనువారు తప్పక జ్ఞాపకముంచుకొనుడు. కంటిపాపను విప్పు కండయందుగూడ ఇదే ఆల్ఫా కలదు. ఈ మందు వాడువారికి శస్త్రచికిత్సవేళ కంటిపాప చుట్టునున్న పొర వదులై ఆడుచు చిక్కు కలిగించునని 2005లో బయటపడినది. శస్త్రమునకు ముందే కంటివైద్యునకు చెప్పినచో ఆతడు తగిన జాగ్రత్త పడును. నేను చెప్పితిని, నాకు సుఖముగ జరిగినది.

ఆపద గడచినను రాత్రి తొందర మాత్రము పూర్తిగ పోలేదు. అందువలన కొన్ని నెలల పిదప మిరాబెగ్రాన్ కూడ మొదలుపెట్టిరి. అది జపానులో 2011లోను, అమెరికాలో 2012లోను అనుమతి పొందినది, ఇప్పుడు మన దేశమునను దొరకును. దాని తమ్ముని వంటి వైబెగ్రాన్ 2018లో జపానులోను, 2020లో అమెరికాలోను వచ్చినది. పూర్వపు మందులు నోరెండజేసి, మలబద్ధము కలిగించి, ముసలివారి జ్ఞాపకమునుగూడ కొంత మసకబార్చుచుండెను. వానితో పోల్చిన ఇవి మేలు. అయినను మిరాబెగ్రాన్ కొందరియందు రక్తపు పోటును పెంచును. పోటు 180/110 దాటి అదుపునకు రానివారికి దానిని ఈయరు. మూత్రము పూర్తిగ వెడలక సంచిలో నిలువయుండు వారికి ఇచ్చుటకు ముందు మిగిలిన నీటి కొలతను చూతురు. నాకును ఆ కొలత చూచియే ఇచ్చిరి.

మా వీధిలో ఒక పెద్దమనిషి ఈ బాధకు భయపడి నీరు త్రాగుటయే మానివేసెను. మూత్రము చిక్కబడినచో సంచి లోపొర రేగి తొందర తగ్గదు. మలబద్ధము దానికి తోడగును. ఆయనతో నేను రెండునెలలు వాదించితిని. ఇప్పుడు పగటివేళ కడుపునిండ త్రాగుచు, ప్రొద్దుగూకిన తరువాత మాత్రము తగ్గించుచున్నాడు. నేను మందు మొదలిడినప్పుడు రాత్రి నాలుగుమార్లు లేచువాడను. ఇప్పుడు ఒకమారు, ఏ చలిరాత్రియందో రెండుమార్లు. శిష్యుడు మూడుమాసముల కొకమారు నా రక్తపుపోటు చూచి పుస్తకములో వ్రాయుచున్నాడు. మొన్న అది 138/84 ఉన్నది.